ప్లాను వేసే మనిషి

ఆ మనిషి లోపలికి వచ్చి, టోపీ తీసి, ఎవరినీ పలకరించకుండా పైకప్పు వంక చూస్తూ నిలబడ్డాడు.

"వచ్చేశాడు," అంది హిల్కా ఫోర్క్‌లిఫ్ట్ ఆపి.

"ఎవరు?" పెట్టెలకు టేపు అంటిస్తున్న ఓస్మో తల ఎత్తకుండానే అడిగాడు.

"తరలింపు ప్లాను వేసే మనిషి. రేపు వస్తాడన్నారు గానీ, చెప్పాపెట్టకుండా మనల్ని చూడాలని ముందే దిగినట్టున్నాడు."

లాహ్తి ఊళ్లోని ఆ ఇటుకల గోడౌన్‌లో ఉన్నది ఆవిరి స్నానపు పొయ్యిలు, కొయ్య బొక్కెనలు అమ్మే కంపెనీ. భవనం మాత్రం అద్దెది. పాత యజమాని పోయాక వారసులు దాన్ని అమ్మేశారు. కొన్నవాళ్లు అద్దె పొడిగిస్తారో, పడగొడతారో ఇంకా తేల్చలేదు. వాళ్లు తేల్చేదాకా కూర్చుంటే సరుకంతా రోడ్డున పడుతుందని మేనేజరు పియా వాంటా అనే మరో ఊళ్లో కొత్త గోడౌన్ చూసింది.

వాంటాకు కారులో గంటకు పైనే పడుతుంది. అక్కడ సగం పని యంత్రాలే చేస్తాయట, అందుకని అందరినీ తీసుకెళ్లరట. ఎవరు కావాలో, ఎవరు అక్కర్లేదో ఆ ప్లాను వేసే మనిషే చెబుతాడని గోడౌనంతా గుప్పుమంది.

హిల్కాకు వెళ్లాలని లేదు. పక్షవాతంతో మంచాన పడ్డ మొగుడు కౌకోకు మధ్యాహ్నం తినిపించేది ఆమే. ఇల్లు పక్క వీధిలోనే కాబట్టి సాగిపోతోంది. కానీ అరవైకి దగ్గరపడ్డ మనిషికి కొత్తగా పని ఎవరిస్తారు? తిండి పెట్టమని ఏ పొరుగావిడనైనా బతిమాలుకోవచ్చు, జీతం ఇమ్మని ఎవరిని బతిమాలతాం అనుకుంది.

"కాఫీ పెట్టు," అంది ఓస్మోతో.

"వాడికా?"

"వాడికే. కాస్త నోరు కూడా విప్పు. ఎప్పట్లా మొద్దులా నిలబడితే నిన్ను కూడా పొయ్యి కట్టెల్లో కలిపేస్తాడు."

మా ఊళ్లో జనం కొత్తవాళ్లతో మాట కలపరు. మెట్ల మీద పక్కింటివాడు ఎదురవుతాడేమోనని తలుపు వెనకే ఆగిపోయే రకం. అలాంటిది ఆ రోజు గోడౌన్‌లో అందరికీ ఒక్కసారే మాటలొచ్చాయి.

హిల్కా కాఫీ, యాలకుల బన్ను తెచ్చి అతని ముందు పెట్టింది.

"ఊరికే చూసిపోదామని వచ్చాను," అన్నాడతను. పేరు చెప్పలేదు. ఆమె అడగలేదు.

"చూడండి. చూడ్డానికేముంది, పాత కొంప."

"గోడలు గట్టిగానే ఉన్నాయే."

"గోడలుంటే సరా? వానొస్తే పైనుంచి కారుతుంది. చలికాలం చేతులు కొంకర్లు పోతాయి. ఎప్పుడెప్పుడు బయటపడదామా అని ఉంది మాకు."

అతను కాఫీ పక్కన పెట్టాడు.

"అవన్నీ బాగు చేయిస్తే?"

నన్ను పరీక్షిస్తున్నాడు అనుకుంది హిల్కా.

"బంగారు రేకులు వేయించినా ఉండం," అంది నవ్వుతూ.

"చాలా ఏళ్లుగా పనిచేస్తున్నట్టున్నారు. వదిలి వెళ్లాలంటే ఏమీ అనిపించదా?"

"గోడలతో నాకేం చుట్టరికం?"

అతను ఓస్మో వైపు తిరిగాడు. "మరి మీకు?"

ఓస్మో తండ్రి కూడా ఈ గోడౌన్‌లోనే పనిచేసి రిటైరయ్యాడు. అయినా ఓస్మో హిల్కా చెప్పినట్టే నోరు విప్పాడు.

"ఇప్పుడు బయల్దేరమన్నా బయల్దేరతాను," అన్నాడు.

మిగతావాళ్లూ వచ్చి తలా ఒకటి అందుకున్నారు. వాంటా గాలే వేరన్నారొకరు. ఈ ఊరంటేనే విసుగెత్తిందన్నారింకొకరు.

అతను అందరి మాటా విని, మళ్లీ హిల్కానే అడిగాడు.

"అంత దూరం వెళితే ఇంటి దగ్గర ఇబ్బంది కాదా?"



"ఇంట్లో నాకోసం ఎదురుచూసేవాళ్లు ఎవరూ లేరండీ," అంది.

అన్నాక తనమీద తనకే అసహ్యం వేసింది. కానీ అనేసిన మాటను వెనక్కి తీసుకోలేదు.

అతను ఇటుక గోడమీద ఓసారి అరచెయ్యి వేసి చూసి, టోపీ పెట్టుకున్నాడు.

"కాఫీ బాగుంది," అని వెళ్లిపోయాడు.

"గట్టెక్కాం," అన్నాడు ఓస్మో.

"నోరు విప్పితే నష్టమేం లేదు, చూశావా?" అంది హిల్కా.

మర్నాడు పియా ఒక పడుచు అమ్మాయిని వెంటబెట్టుకుని వచ్చింది. పియా ముఖంలో కళ లేదు.

"తరలింపు ప్లాను వేసేది ఈవిడే. ఏ సరుకు ముందు కదలాలో, ఏది తర్వాతో ఈవిడ చెప్పినట్టే చేద్దాం."

హిల్కా, ఓస్మో ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు.

"మరి నిన్న వచ్చినాయన?" అంది హిల్కా.

"టోపీ పెట్టుకుని, అంతగా మాట్లాడని మనిషా?"

"ఆయనే. మేమే చాలా మాట్లాడాం."

"ఏం మాట్లాడారు?"

"వెళ్లడానికి అందరం సిద్ధమన్నాం. ఇక్కడ ఉండలేకపోతున్నామన్నాం."

పియా పక్కనున్న పెట్టె మీద కూలబడింది.

"అదా సంగతి. అంత సంతోషంగా వెళ్లేవాళ్లను నేనెందుకు ఆపాలి అని నిన్న సాయంత్రం ఫోన్ చేశారు. ఆయన ఇక్కడికి వచ్చి వెళ్లారని తెలియక, ఏం మాట్లాడుతున్నారో నాకప్పుడు అర్థం కాలేదు."

"ఇంతకీ ఎవరాయన?"

"ఈ భవనం కొన్న రౌహలా గారు, హిల్కా. వదిలి వెళ్లలేనివాళ్లు ఒక్కరున్నా అద్దె పొడిగిస్తానని నాకు మాటిచ్చి, ఆ ఒక్కరెవరో చూసిపోదామని వచ్చారు."