పరాయి పిల్ల

"అన్నా, ఆ పెట్టె మీద చెయ్యి తియ్యి," అంది నర్సు షబానా.

అంకయ్య చెయ్యి తీశాడు. మార్కాపురం ఆసుపత్రి వార్డులో, బల్ల మీద ఉంది పెట్టె. అందులో ఒక చిన్న సంచి. ఇందాక పుట్టిన అతని కొడుకు బొడ్డుతాడు నుంచి పట్టిన రక్తం ఆ సంచిలో ఉంది. భార్య నాగవేణికి రక్తం ఆగక గర్భసంచి తీసేశారు. ఇంకో కాన్పు లేదు.

పక్క మంచం మీద ఏడేళ్ల రేణుక మగతగా పడుకుని ఉంది. ఆ పిల్ల ఒంట్లో రక్తం ఊరడం మానేసింది. ముక్కు నుంచి మళ్లీ కారుతుంటే అంకయ్య తువ్వాలుతో ఒత్తాడు. మంద దగ్గర్నుంచి ఉన్నపళంగా పరుగెత్తుకొచ్చిన మనిషి. గొర్రెలకు మందు వేసే సూదులు కూడా ఇంకా భుజం సంచిలోనే ఉన్నాయి.

"ఇంత కొంచెమే వచ్చిందేందమ్మా? పాపకు చాలుతాదా?"

"చాలదు. అందుకే హైదరాబాదు ల్యాబుకు పంపేది. రక్తాన్ని పుట్టించే కణాలు ఉంటాయి ఇందులో. వాటిని అక్కడ పెంచి, ఎక్కువ చేసి పాపకు ఎక్కిస్తారు."

"నారు పెంచినట్ల."

"అట్లనే అనుకో."

"ఎక్కిస్తే ఇంక బాగైనట్టేనా?"

"చానామందికి బాగవుతాది. కొందరి ఒళ్లు మాత్రం ఇవి పరాయివని తోసేస్తాది."

తల్లి చచ్చిన గొర్రెపిల్లను ఇంకో గొర్రె కింద వదిలితే, అది ఒకసారి వాసన చూసి ఎట్లా తన్నుతుందో అంకయ్యకు తెలుసు.

"మేమైతే ఆ గొర్రె పాలే పిండి పిల్ల ఒంటికి పూస్తాం. తన వాసనే కదా, ఇంక తన్నదు."

"బాగుంది. డాక్టరమ్మకు చెప్తా, రేపట్నుంచి డ్యూటీకి రా." షబానా నవ్వింది. అంకయ్య నవ్వలేదు. "దానికి మందులున్నాయిలే అన్నా," అంది మెల్లగా.

లోపలి నుంచి డాక్టరమ్మ షబానాను కేకేసింది. "ల్యాబు బండి వచ్చేదాకా ఎవర్నీ దగ్గరికి రానీకు. మురికి రవ్వంత తగిలినా మొత్తం పాడైపోతాది. ఇట్లాంటిది మళ్లీ దొరకదు," అని అంకయ్యకు చెప్పి షబానా వెళ్లిపోయింది.

అంకయ్య పెట్టె వంక చూశాడు, కూతురి వంక చూశాడు. ఆ ఎముకల గూట్లో ఎక్కడో ఒక గొర్రె కాలెత్తి నిలబడి ఉన్నట్టే అనిపించింది. పుట్టినవాడి ముఖం అతను ఇంకా చూడలేదు. చూడాలని గుర్తుకు కూడా రాలేదు.

షబానా తిరిగి వచ్చేసరికి ల్యాబు మనిషి సాజిద్ పెట్టె చేతికెత్తుకుంటున్నాడు. అంకయ్య మంచం అంచున కూర్చుని, కూతురి తల నిమురుతున్నాడు. ఇన్నాళ్లలో అతని ముఖం అంత తేటగా ఉండగా షబానా ఎప్పుడూ చూడలేదు.

"ఎవరూ ముట్టుకోలేదు గదా అన్నా?"

"నేనున్నా గదమ్మా, ఎవురొస్తారు?" అన్నాడు అంకయ్య. తర్వాత గొంతు తగ్గించాడు. "ఇంక పాప ఒళ్లు దీన్ని తన్నదులే. పాప ముక్కు రక్తమే రెండు చుక్కలు, గొర్రెల సూదితో ఆ సంచిలో కలిపినా."