ఒరిగిన తాడు

“ఎందుకాపారు?”

తాడుని చుట్టే వించ్ మర నడిపే పెద్దాయన, దాన్ని ఆపేసి, సముద్రంలోకి దిగిన ఇనప తాడు మీద అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు.

ఓడలో అందరూ ఆయన్ని వించ్ బాబాయ్ అంటారు. నీటి వేడినీ ఉప్పునీ కొలిచే పరికరాన్ని దించడం, పైకి తియ్యడం ఆయన పని.

“ఏడొందల మీటర్లు అయ్యాయిగా, లాగెయ్యండి,” అంది పరిశోధకురాలు. ఓడెక్కడం ఆమెకిదే మొదలు. సాయంత్రంలోగా ఇంకా ఆరు చోట్ల కొలవాలి.

“తాడు ఒరుగుతోందమ్మా. గాలి లేదు, పైన నీళ్లు నిలకడగానే ఉన్నాయి. కింద ఏదో తిరుగుతోంది. ఇంకో మూడొందలు వదులుతా.”

“నా కొలతలు మీరు చెప్తారా?”

ఆయన ఇంకో మూడొందలు వదిలాడు.

పావుగంట దండగ. ఆమెకి ఒళ్లు మండి, తిన్నగా కెప్టెన్ దగ్గరికెళ్లింది.

తర్వాతి చోటికల్లా వించ్ దగ్గర వేరే మనిషి ఉన్నాడు. బాబాయ్ డెక్ కమ్ములకి రంగు వేస్తున్నాడు.

ఆమె ఎదురుపడితే, “రంగు ఆరలేదమ్మా, బట్టలకంటుద్ది,” అన్నాడు. అంతే.

కొత్త మనిషి ఏడొందలంటే ఏడొందలే దించాడు.

రెండు నెలల తర్వాత, లెక్కలు చూస్తున్న ఆమె కుర్చీలోంచి గబుక్కున లేచింది.

బాబాయ్ వెయ్యి మీటర్లు దించిన ఆ ఒక్క చోట, ఏడొందల యాభై దాటాక, నీళ్లు ఉన్నట్టుండి వెచ్చబడ్డాయి. ఉప్పూ పెరిగింది.

అవి అక్కడి నీళ్లు కావు. ఎక్కడో ఓ ఇరుకు జలసంధి దాటిన ఉప్పునీళ్లు, బరువుకి వాలు వెంట జారి, ఓ మలుపులో తెగి సుడి అయ్యాయి. పప్పుబద్దలా పలచగా, గుండ్రంగా, పైకి ఆనవాలు లేకుండా నెలల తరబడి తిరుగుతూ అంతదూరం వచ్చాయి.

మిగతా చోట్ల కూడా అంత లోతు కొలిచి ఉంటే దాని చుట్టుకొలత దొరికేది.

ఆమె మళ్లీ ఓడెక్కింది. సుడి లేదు. నీటి అడుగు కొండకి తగిలి చితికినట్టుంది. వెచ్చటి నీళ్లు పోగులు పోగులుగా మిగిలాయి. అవీ చుట్టూ ఉన్న చల్లనీళ్లలో కలిసిపోతున్నాయి.

“వించ్ బాబాయ్ ఏరీ?”

కెప్టెన్ తల దించుకున్నాడు. “మీతో వచ్చిందే ఆయన ఆఖరి ప్రయాణం. రిటైరైన ఇరవై రోజులకే పోయారు.”

ఒడ్డు చేరగానే ఆమె తన మాస్టారింటికి వెళ్లింది. ముప్పై ఐదేళ్ల కిందట ఆ సముద్రంలో ఇలాంటి సుడిని మొదట కనిపెట్టింది ఆయనే. ఆయన పుస్తకం చదివే ఆమె ఈ చదువులోకొచ్చింది.

జరిగిందంతా చెప్పింది. ఫిర్యాదు సంగతి కూడా దాచలేదు.

మాస్టారు ఒకటే అడిగారు.

“అతను నీకేం చెప్పలేదా?”

“ఏం చెప్పాలండీ?”

“ముప్పై ఐదేళ్ల కిందట, ఆ రోజు నేను ఓడ కుదుపుకి కడుపులో తిప్పేసి, కింద గదిలో బకెట్ పట్టుకుని పడున్నానమ్మా,” అన్నారాయన, “నా పేరు మీద మీరంతా చదివే ఆ మొదటి సుడిని పట్టుకున్నది అతనే.”