ఉల్లికాడల దోనె

నోన్ దేంగ్ బావుల్లో ఉప్పునీరు పడేది లున్ శాపం వల్లనేనని ఆ చుట్టుపక్కల పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు.

ఆ అడవిలోకి మొట్టమొదట ఎద్దుబండి తోలుకొచ్చినవాడు లున్. వాగుకు ఈవల హువై ఫైలో ఇల్లు కట్టుకున్నాడు. ఆవల నోన్ దేంగ్ దిబ్బ మీద పనిచేసుకునేవాడు. తక్కిన జనం రోడ్డు పడ్డాక వచ్చారు. పల్లెలు పెరిగాయి. ప్రభుత్వం వాటన్నిటినీ కలిపి కొత్త తంబోన్‌గా ప్రకటించింది.

దానికి పెద్దగా, అంటే కమ్నాన్‌గా, చాన్‌దీ నెగ్గాడు. లున్‌ను దిబ్బ మీంచి గెంటించి అక్కడ కచేరీ కట్టించాడు. తంబోన్‌కు నోన్ దేంగ్ అనే పేరు పెట్టించాడు. అంగడి, బడి అటే తరలిపోయాయి. హువై ఫై మూలన పడింది.

లున్ పిడికెడు మన్ను తీసి చాన్‌దీ కాళ్ళ ముందు కొట్టి, "ఇక్కడ నీ వంశానికి తియ్యటి నీళ్ళు పుట్టవు" అన్నాడట. వాళ్ళిద్దరూ కాక అది విన్నది లున్ కూతురు బువాలాయ్ ఒక్కతే. సాక్షి ఒక్కరే అయినా, రుజువు మాత్రం ఆ తర్వాత తవ్విన ప్రతి బావిలోనూ దొరికింది.

అప్పటినుంచి ఏటా తొలకరికి ముందు, లున్ ఆత్మకు కట్టిన చెక్క గూటి ముందు చాన్‌దీ ఇంటివాళ్ళు మోకరిల్లవలసిందే. ఈ ఏడు చాన్‌దీ మనవడు వొరావుత్ వచ్చాడు. చదువుకున్నవాడు, కొత్త కమ్నాన్. ఉడికించిన పంది తల, బియ్యపు సారా గూటి ముందు పెట్టాడు.

"ఇంకా వంగు నాయనా" అంది బువాలాయ్, తమలపాకు నములుతూ. "మీ తాతకి నడుం వంగేది కాదు. నేనే నేర్పాను."

"అమ్మమ్మా, ఈ నేల అడుగున ఉప్పురాయి ఉందని మాకు బళ్ళో చెప్పారే!"

"అట్లాగా? మరి మా బావి నీళ్ళు తాగి చూడు. వాగు దాటడానికి మీ ఉప్పురాయికి ఈత రాదేమో!"

చూడ్డానికి చేరిన ఆడవాళ్ళు పకపకా నవ్వారు. వొరావుత్ తల దించుకున్నాడు.

బువాలాయ్ అతన్ని ఇంటికి తీసుకెళ్ళి అన్నం పెట్టింది. వాకిట్లో గుంజల మీద ఎత్తుగా నిలిపిన పాత దోనె ఉంది. మానుమొద్దును తొలిచి చేసినది. అందులోంచి ఉల్లికాడలు తుంచి ఆకులో వేసింది.

"దీని అడుగున ఈ చిల్లెందుకు, అమ్మమ్మా?"

"నీళ్ళు కారడానికి. మా నాన్న చేసిందే. తిను, తిను."

వొరావుత్ తినలేదు. చేతులు జోడించాడు. "కచేరీ ఇటే తెచ్చేస్తాం. అందర్నీ ఒప్పించాను. తంబోన్ పేరు కూడా హువై ఫై అని మారుస్తున్నారు. నీళ్ళు మోయలేక మా ఆవిడ పుట్టింటికి పోతానంటోంది. ఇకనైనా మీ నాన్నగారు శాంతిస్తారా?"

"మీ తాత కట్టించిన గోడలు ముందు నువ్వే పడగొట్టించు. నేను కుర్చీ వేసుకుని చూస్తాను."

"అప్పుడు తియ్యటి నీళ్ళు పడతాయా?"

"మా నాన్న మొండివాడు నాయనా. ఆయన తరఫున మాటివ్వలేను."

వానలకు ముందే కచేరీ గోడలు కూలాయి. బువాలాయ్ గొడుగు కింద కూర్చుని, చాన్‌దీ పేరు చెక్కిన పలక ముక్కలయ్యేదాకా కదల్లేదు. ఇంటికొచ్చి ఉల్లికాడలకు నీళ్ళు పోసింది. చిల్లులోంచి చుక్కలు కారుతుంటే అరచెయ్యి పట్టి, చాలాసేపు నవ్వుకుంది.

రోడ్డు పడి అంగడి ఉప్పు రాకముందు, లున్ నోన్ దేంగ్ దిబ్బ మీద తెల్లగా పేరిన ఉప్పుమన్ను తెచ్చి పోసింది ఆ దోనెలోనే. దాని చిల్లులోంచి కారిన నీటిని కాచి ఉప్పు వండుకోవడానికే ఆయన తన బండిని ఆ అడవిలో ఆపాడు.