దిద్దుబిళ్లలు వేడెక్కిన కచేరీ

ప్రతి వాయిద్యానికీ తప్పుల్ని దానంతటదే సరిదిద్దే చిప్పు, దిద్దుబిళ్ల, ఉండే రోజులవి. వేలు ఎక్కడ పడినా స్వరం సరిగ్గానే పలికేది, తాళం తప్పేదే కాదు. అందుకే కాకినాడ కాలనీవాళ్లు సరదాగా చేసే వేసవి కచేరీలో శ్రోతలు హాయిగా కునుకు తీసేవారు.

ఈసారి ఎండకు బిళ్లలన్నీ వేడెక్కి ఆగిపోయాయి. హంసధ్వని మధ్యలో పళ్ల డాక్టరు సుభాషిణి వీణ అపస్వరం పలికింది. వయొలిన్లది ఒక దారి, మృదంగానిది ఒక దారి.

ముందు వరుసలో కునుకు తీస్తున్న పేరిందేవిగారు ఉలిక్కిపడి లేచి, తొడమీద తాళం వేయసాగారు. పక్కావిడ అందుకుంది. చూస్తుండగానే హాలంతా తాళమే. దాన్ని పట్టుకుని బృందం ఒడ్డున పడింది. ఈలలు మోగాయి.

"బిళ్లలు చల్లారాయండీ, మళ్లీ ఆన్ చేసెయ్యమంటారా?" అని సుభాషిణి నవ్వుతూ అడిగింది.

"వద్దమ్మా! మాక్కూడా కాస్త పనుండనియ్యి," అన్నారు పేరిందేవిగారు, తొడమీంచి చెయ్యి తియ్యకుండానే.