మూడుసార్లు ఊడిన పట్టీ

“ఊడింది తమ్ముడూ, కాస్త కుట్టిపెట్టు. ఇది లేకపోతే ఈ వీధిలో నాకు పనే లేదు.”

ఆరోగ్య కార్యకర్త బీపీ మిషను పట్టీని కుట్టుబల్ల మీద పెట్టింది. జబ్బకు చుట్టే ఆ నీలం పట్టీకి అంటుకునే అంచు ఒక పక్కంతా విడిపోయి వేలాడుతోంది. పొద్దున్నే పిన్నీసుతో ఓపిగ్గా తనే విప్పిందని టైలర్‌కి తెలియదు. టైలర్ భార్యకి తెలుసు. ఆలోచన ఆమెదే మరి.

పెళ్ళయి నాలుగు నెలలు. ఈ నాలుగు నెలల్లో మొగుడి గురించి ఆమె కనిపెట్టినవి ఒకటా రెండా! నిద్రలో కూడా కాలితో మిషను తొక్కుతాడు. నవ్వొస్తే ముందు ఎడమబుగ్గ నవ్వుతుంది, తర్వాతే అతను నవ్వుతాడు. సాయంత్రమయ్యేసరికి మెడ వెనక పట్టుకుని కళ్ళు మూసుకుంటాడు. అతని తండ్రి నలభై ఏళ్ళకే, ఇదే మిషను తొక్కుతూ పక్కకి ఒరిగిపోయాడు. బీపీ ఉందని పోయాకే తెలిసింది.

అందుకే పరీక్షంటే అతనికి హడల్. అది బయటపడకుండా, పోయినేడాది వీధిలో శిబిరం పెట్టినప్పుడు అందరి ముందూ చెయ్యెత్తి చాటాడు. “కొలతలు తీసే చెయ్యి ఇది. దీనికెవరూ కొలత తియ్యలేరు!” వీధి వీధంతా చప్పట్లు కొట్టింది. ఇక ఆ మాట మీద నిలబడక తప్పలేదు పాపం.

ఇంతలో గుమ్మంలోంచి ఒకావిడ జాకెట్టు ఊపింది. “ఏమయ్యా, చెయ్యి పైకెత్తానో లేదో కుట్లన్నీ ఊడొచ్చాయి!”

“తెల్లదారం చూళ్ళేదా పిన్నిగారూ? అది ట్రయల్ కుట్టు. కొలత సరిపోయిందో లేదో చూసుకోడానికి. ఊడిపోవాలనే వేస్తాం. మీరు దాంతోనే పెళ్ళికెళ్ళిపోతే నేనేం చెయ్యను?”

పిన్నిగారు గొణుక్కుంటూ కూర్చుంది. టైలర్ పట్టీలోని పాత దారప్పోగులు పీకేసి, నీలం ఉండ వెతికి తీసి కుట్టాడు. ఏ రంగు గుడ్డకి ఆ రంగు దారం. అతనికదో పట్టింపు.

“గాలికి ఆగుతుందో లేదో చూడాలి తమ్ముడూ. ఒకసారి చెయ్యివ్వు.”

“దీని చేతికి పెట్టండి,” భార్యని చూపించాడు టైలర్.

“నాది పుల్లలాంటి చెయ్యి, చాలదండీ,” భార్య అప్పటికే అతని చొక్కా చేతిని పైకి మడుస్తోంది.

“ఐదు నిమిషాలు మాట్లాడకుండా కూర్చోవాలి,” అంది కార్యకర్త.

“కుట్టు బాగుందో లేదో చూడ్డానికి నేను నోరు మూసుకోవడమెందుకక్కా?”

“మిషన్‌కి మాటలంటే పడదు!” అంది భార్య, రెండో చెయ్యి తను పట్టుకుని.

పట్టీ బుసలు కొట్టి ఆగింది. నూట అరవై, నూట రెండు. కార్యకర్త మొహంలో ఏమీ కనబడనివ్వలేదు. వీధి మలుపు దాకా సాగనంపిన భార్యకి మాత్రం చెవిలో చెప్పింది.

“ఎక్కువే ఉందమ్మా. కానీ మూడు వేర్వేరు రోజులు చూసి రాస్తేనే డాక్టరమ్మ మాత్రలిస్తుంది. ఇంకో రెండుసార్లు రావాలి.”

“రండక్కా. ఎన్నిసార్లయినా ఊడదీసుకురండి.”

వారం తర్వాత పట్టీ మళ్ళీ ఊడింది. ఈసారి నూట యాభై ఎనిమిది, నూరు.

“ఇంకెన్నిసార్లు ఊడుతుందక్కా ఇది?” చొక్కా సర్దుకుంటూ అడిగాడు టైలర్.

“ఇంకొక్కసారి,” అనేసి నాలుక్కరుచుకుంది కార్యకర్త. “అంటే... ఊడినా ఊడొచ్చని.”

అతను ఆమెను ఒక క్షణం చూశాడు. “ఇలా ఇవ్వండి. ఓ మూల సరిగ్గా పడలేదు.” పట్టీ తీసుకుని అటు తిరిగి కూర్చున్నాడు. కాసేపటికి తనే మడిచి ఆమె సంచిలో పెట్టాడు.

ఆపై వారం కార్యకర్తకి జ్వరమొచ్చింది. ఆ తర్వాతి వారం అదే వీధిలో, బస్తాలు మోసే ఆయన జబ్బకు పట్టీ చుడుతూండగా గుర్తొచ్చింది. అయ్యో, విప్పడం మర్చిపోయానే! అనుకునేలోపే ఫట్‌మని అంచు ఊడి చేతికొచ్చింది. బస్తాల ఆయన సిగ్గుపడ్డాడు. ఆమె మాత్రం ఆయనకి దండం పెట్టినంత పని చేసింది.

మూడోసారి నూట అరవై రెండు, నూట నాలుగు. ఇక పిన్నీసు సంగతి కూడా దాచలేదామె. పుస్తకం తెరిచి మూడు రోజుల లెక్కా అతని ముందు పెట్టింది.

“నువ్వు తిట్టినా సరే తమ్ముడూ. మాత్ర వేసుకుంటే అదుపులో ఉంటుంది. మీ నాన్నకి చెప్పేవాళ్ళు లేకపోయారు. నీకున్నాం.”

భార్య అతని పక్కకొచ్చి నిలబడింది. అతను తిట్టలేదు. పుస్తకం మీద వేలితో ఆ మూడు వరసలూ, కొలతలు సరిచూసుకున్నట్టు, నెమ్మదిగా సరిచూశాడు.

“వీధిలో అన్న మాటేం చెయ్యనక్కా?”

“ఆస్పత్రి పట్టీలన్నీ కుట్టడానికి పిలిచారని చెప్పు.”

“అయితే రేపే వెళ్తాం,” అన్నాడు.

కార్యకర్త వెళ్ళాక భార్య కళ్ళు తుడుచుకుని చీపురందుకుంది.

“తెలుసాండీ, ఈసారి అక్క విప్పనే లేదట. దానంతటదే ఊడిందట. మన అదృష్టం చూడండి!”

“అవునవును, అదృష్టమే.”

అతని ఎడమబుగ్గ ముందుగా నవ్వింది. ఆమె మిషను కింద ఊడ్చింది. ఇందాక అతను పట్టీలోంచి పీకి పారేసిన దారం చీపురుపుల్లకి చుట్టుకుంది. తీసి, గుమ్మం వెలుతురులోకి ఎత్తి చూసింది.

అది తెల్లదారం.