కోసినా అతుక్కునే గోడ

మంటలు లేచిన గని సొరంగాన్ని కొత్తరకం జెల్లుతో మూసి మూడు రోజులైంది. కత్తితో కోసినా క్షణంలో అతుక్కునే, మసక అద్దంలాంటి జెల్లు అది. రాత్రి షిఫ్టులో దానికి కాపలా ఉన్న రాయమల్లుకు, అవతలి నుంచి ఆ గోడను ఒత్తుతున్న అరచెయ్యి కనిపించింది. నాలుగే వేళ్లు. అతని తమ్ముడు ఓదెలుకు చిటికెనవేలు లేదు.

ఫోనెత్తి, పైనున్న గని ఆఫీసరుతో అరిచాడు. “సారూ, మా ఓదెలు లోపలనే ఉన్నడు!”

“మళ్ల మొదలువెట్టినవా? దిగినోళ్ల తలల మీది లాంపులన్నీ పైకొచ్చినయి. లెక్క సరిపోయింది. వాడు ఏడనో తాగి పన్నడేమో, ఎతుకు.”

“వాని లాంపు ఆరిపోతే మార్చి తెద్దామని నేనే పైకి తెచ్చిన. లాంపులు లెక్కవెట్టిన్రు గని, మనుషులను లెక్కవెట్టిన్రా?”

ఫోను వదిలేశాడు. “సమ్మక్క తల్లీ, నువ్వన్నా చూసినవా?” అంటూ కసిగా కత్తితో గోడను కోసి, చీలికలో చెయ్యి దూర్చాడు. జెల్లు మణికట్టు చుట్టూ మూసుకుంది. లోపల చల్లటి నాలుగు వేళ్లు అతని చేతిని పట్టుకున్నాయి.

వేలాడుతున్న ఫోనులో సారు ఇంకా చెబుతూనే ఉన్నాడు. “లెక్క సరిపోయిందయ్యా.”