రేడియేటర్‌లో పసుపు

రాబర్ట్‌సన్‌పేట మార్కెట్ దగ్గర కొట్టేసిన కారు బేతమంగళం రోడ్డు మిట్ట ఎక్కుతూ బుస్సుమంది.

బానెట్ సందుల్లోంచి ఆవిరి. కింద సన్నటి నీళ్ల ధార. బచ్చప్ప తల పట్టుకున్నాడు.

దొరల కాలం నాటి కారంటే పడిచచ్చే ఆసామి ఒకడు దీన్ని కొనడానికి నంగలి అవతల కాచుకుని ఉన్నాడు. చీకటి పడేలోగా నంగలి దాటితే ఆంధ్రా. దాటకపోతే జైలు. మాలూరు నుంచి ఇంతదూరం వచ్చి, పుట్టి బుద్ధెరిగాక మొట్టమొదటిసారి ఒక కారు ఎత్తుకొస్తే, అది ఊరు కూడా దాటనంటోంది!

దిగి బానెట్ ఎత్తాడు. రేడియేటర్ మూత మీద చెయ్యి వేయబోయాడు.

“ముట్టొద్దప్పా! చెయ్యి ఉడికిపోతాది!”

ఉలిక్కిపడి తిరిగాడు. ఒక ముసలాయన, వెనకే ఒక పెద్దావిడ. ఇద్దరి చేతుల్లో కూరగాయల సంచులు. ఎండన పడి నడిచొచ్చారు కాబోలు, రొప్పుతున్నారు.

“ఈ మిట్ట కాడ ఇది మామూలే లే,” అన్నాడు ముసలాయన చెమట తుడుచుకుంటూ. “నేను ఆంజనప్ప. బంగారం మైన్లో ఫిట్టరుగా చేసి రిటైరైనా. ఈమె మా ఇంటామె, పిల్లమ్మ. కారెవురిదప్పా?”

“మా మామది. మాలూరు.”

“మామ బాగుండాడా?”

“ఓ! రాయి మాదిరి ఉండాడు.”

“సంతోషం,” అంటూ ఆంజనప్ప వంగి కిందికి చూశాడు. “కింది హోసు చీలింది. రేడియేటరు కూడా కారతా ఉండాది. మా ఇల్లు ఈడే, మైనోళ్ల లైను ఇండ్లలో. తోసుకొని పోదాం పా.”

బచ్చప్ప వద్దనబోయాడు. అంతలో సైకిల్ మీద ఒక పోలీసు వచ్చి, కాలు కింద ఆనించి ఆగాడు.

“ఏమి ఆంజనప్పా, మళ్లానా?”

బచ్చప్ప బానెట్ చాటుకి తల దాచుకున్నాడు.

“మళ్లానే సామీ. ఏం ఫరవాలేదు, ఈ పిల్లోడు తోస్తానన్నాడు.”

పోలీసు నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. ఈ మిట్ట మీద ఆగిన కార్లన్నీ ఈయనే బాగుచేస్తాడు కాబోలనుకున్నాడు బచ్చప్ప. పోయిన ప్రాణం లేచొచ్చింది. ఇంక మారు మాట్లాడకుండా కారుకి భుజం ఆనించాడు. ఆంజనప్ప కిటికీలోంచి చెయ్యి దూర్చి స్టీరింగ్ తిప్పుతూ పక్కన నడిచాడు.

ఇంటి ముందు కారు ఆగగానే ఆంజనప్ప స్టూలు వేసుకుని కూర్చున్నాడు.

“ఫిట్టరు చెప్పాల, హెల్పరు చెయ్యాల. దొరలున్నప్పుడూ అదే రూలు, గవర్నమెంటు మైను తీసుకున్నాకా అదే రూలు. ఊఁ, కిందికి దూరు.”

బచ్చప్ప దూరాడు. హోసు తుడిచాడు. సైకిల్ ట్యూబు కత్తిరించిన పట్టీని సాగదీసి చుట్టాడు.

“ఇంగా లాగు! మైన్లో గాలిపైపు చీలితే ఇట్లే కట్టు కట్టేది. నీది కట్టా, జడకుచ్చా?”

లాగాడు. పైన ఇనుపతీగ బిగించాడు. మోచెయ్యి గీరుకుపోయింది.

“మీ మామ కొత్త రేడియేటరు వేయించరాదా నాయనా?” అంది పిల్లమ్మ.

“యాడమ్మా! ఎంగిలి చేత్తో కాకిని తోలడు. పాతగుడ్డలు, తీగలు, అతుకులు. ఇట్లాంటోడికి కారెందుకు?”

పిల్లమ్మ గోడకి ఆనుకుని, పొలమారేదాకా నవ్వింది. “బాగా చెప్పినావు నాయనా! ఇంగొకసారి గట్టిగా చెప్పు!”

“పెద్దోళ్లని అట్లా అనకూడదప్పా,” అన్నాడు ఆంజనప్ప ముఖం గంటు పెట్టుకుని.

రేడియేటర్ సన్నబెజ్జానికి పిల్లమ్మ దగ్గర మందుంది. కూరగాయల సంచిలోంచి పసుపు పొట్లం తీసి ఇచ్చింది. బచ్చప్ప ఆ పసుపు నీళ్లలో కలిపి రేడియేటర్‌లో పోశాడు. డాష్‌బోర్డ్ కింద తల దూర్చి, తీగలు కలిపి ఇంజిన్ ఆడించాడు. ఒక చుక్క రాలింది. కాసేపటికి ఇంకొకటి. తర్వాత ఆగిపోయింది.

“చేతులకంతా పసుపు! పెండ్లికొడుకు మాదిరి ఉండావు,” అంటూ పిల్లమ్మ రాగిసంగటి, ఆకుకూర ఉడికిన నీళ్లతో కాచిన బస్సారు పెట్టింది. ఆకలి మీదున్నాడేమో, ముద్ద మీద ముద్ద మింగాడు. ఇంత మంచివాళ్లు కూడా ఉంటారా లోకంలో! ఎక్కడో కారు పోయి వెతుక్కుంటున్న ఆ అభాగ్యుడు గుర్తొచ్చి, ఒక్క క్షణం ముద్ద గొంతుకి అడ్డంపడింది. మజ్జిగతో దింపేశాడు.

చెయ్యి కడుక్కుని ఆకాశం చూశాడు. పొద్దు ఇంకా ఉంది. నంగలి అందుతుంది.

ఇద్దరి కాళ్లకీ దండం పెట్టాడు. “మీ మేలు మర్చిపోను పెద్దాయనా. వస్తా.”

ఆంజనప్ప చెప్పినట్టు పనిముట్లు ఇంట్లో సర్దిపెట్టి వచ్చి చూస్తే, పిల్లమ్మ అప్పుడే చీర మార్చుకుని, తలలో కనకాంబరాలు పెట్టుకుని, కారు వెనక సీట్లో దర్జాగా కూర్చుని ఉంది.

“అమ్మా, మీరెక్కడికి?”

“నువ్వు ఈ పక్క సీట్లో కూచో అప్పా, మాలూరు బస్సు కాడ దించతాను,” అంటూ ఆంజనప్ప స్టీరింగ్ ముందు సర్దుకుని, పొద్దున మార్కెట్ దగ్గర కారు ఆపి దిగినప్పుడు మొలతాడుకి కట్టుకున్న తాళంచెవిని తీరిగ్గా విప్పాడు.